పూర్ణా మార్కెట్ బకెట్: పదకొండు రోజుల ముచ్చట

ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లు ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషను నడిపినవాణ్ణి. అయినా గత నెల పూర్ణా మార్కెట్‌లో ఇరవై లీటర్ల బకెట్‌ను రంగు చూసి కొనేశాను, 280 రూపాయలకు. పదకొండో రోజు నిండా నీళ్లతో ఎత్తగానే ఒక చెవి చీలి, కమ్మీ జారిపోయింది. పాదం మీద పడాల్సింది, తప్పింది. "మీ వాళ్లు చేసిన సరుకే కదండీ" అంది మా ఆవిడ.

కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చూశాను. కమ్మీ దూరే రంధ్రం నుంచి పై అంచు దాకా వెంట్రుకంత గీత. చీలిక సరిగ్గా దాని వెంటే నడిచింది, కత్తితో కోసినంత నునుపుగా. ఈ బకెట్లు చేసే ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్. సవ్యంగా పోస్తే అది అలా చీలదు. ముందు తెల్లబడుతుంది, కాస్త సాగుతుంది, ఆ తర్వాతే తెగుతుంది.

బకెట్ అడుగున నడిమధ్య చిన్న బొడిపె ఉంటుంది చూడండి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగేది అక్కడే. అది చెవి దాకా పాకి, రంధ్రం కోసం పెట్టిన పిన్ను దగ్గర రెండు పాయలై, అవతల మళ్లీ కలవాలి. వేడిమీద, తగిన ఒత్తిడితో కలిస్తే అతుకు జాడే తెలియదు. చల్లారి కలిస్తే అంటుకుంటాయి గానీ ఒకటి కావు. 165 డిగ్రీల దగ్గర కరిగే సరుకిది, మేము 220కి తగ్గనిచ్చేవాళ్లం కాదు. వేడి తగ్గిస్తే చల్లార్చే సమయం కొన్ని సెకన్లు కలిసొస్తుంది. యజమానికి కావలసింది ఆ సెకన్లే. అలాగని అచ్చును మరీ వేడిగా ఉంచినా చిక్కే: నెమ్మదిగా చల్లారితే లోపలి స్ఫటికాలు పెద్దవై బకెట్ పెళుసవుతుంది.

దుకాణం అబ్బాయి మంచివాడు. బిల్లు లేకపోయినా "మీకు నచ్చింది ఏరుకోండి బాబాయి గారూ, ఈసారి సరుకే నాసిరకం" అన్నాడు. తప్పు ప్లాస్టిక్‌ది కాదు, పోసిన తీరుదని చెప్పాను, విన్నాడో లేదో. గుమ్మంలో నిలబడి ఎనిమిది బకెట్లు ఎండకు ఏటవాలుగా పట్టి చూశాను. ఆరింటికి అదే గీత. మిగిలిన రెండూ నేల మీద పెడితే ఊగాయి, సరిగా చల్లారకముందే అచ్చులోంచి లాగేసి ఉంటారు.

దుకాణానికి నాలుగు చుక్కలు, ఆ బకెట్‌కు ఒకటి. చివరికి 60 రూపాయలు పైన పెట్టి వేరే కంపెనీది తెచ్చాను. దాని అడుగున కూడా త్రికోణంలో 5 అంకె, అంటే పాలీప్రొపిలీనే, అదే ప్లాస్టిక్. చెవి మీద గీత లేదు. ముదురు నీలం. మా ఆవిడకు రంగు నచ్చలేదు.