ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో ముందు ఏది చూడాలి: ఫాయిలా, సేబరా, ఎపీనా?

ఒలింపిక్స్ వచ్చినప్పుడు ఫెన్సింగ్ పెట్టి, రెండు నిమిషాలు చూసి, ఎవరు ఎవర్ని పొడిచారో అర్థంకాక ఛానల్ మార్చేసేవాళ్ళు చాలామందే ఉంటారు. తప్పు వాళ్ళది కాదు. ఈ ఆటలో వాడే మూడు రకాల కత్తుల్లో వాళ్ళ కంటపడింది ఫాయిలో సేబరో అయ్యుంటుంది. ఎపీతో మొదలుపెట్టి ఉంటే చాలామంది చివరిదాకా కూర్చునేవాళ్ళని నా గట్టి నమ్మకం.

1896 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉన్న ఆట ఇది. మూడు కత్తులు, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ, వ్యక్తిగతం, టీమ్ కలిపి టోక్యో ఒలింపిక్స్ నుంచి ప్రతిసారీ 12 స్వర్ణాలు. ఆడే పట్టీ (పీస్ట్ అంటారు) అందరికీ అదే, 14 మీటర్లు. కత్తి మారితే మాత్రం ఆటే మారిపోతుంది.

ఫాయిల్ తేలికైన కత్తి, 500 గ్రాములు దాటకూడదు. మొనతో మొండెం మీద పొడిస్తేనే పాయింటు. చేతికో కాలికో తగిలితే తెల్ల లైటు వెలుగుతుంది, ఆట ఆగుతుంది, పాయింటు రాదు. అసలు చిక్కు ఇద్దరూ మొండెం మీదే పొడిచి ఇద్దరి లైట్లూ ఒకేసారి వెలిగినప్పుడు వస్తుంది. ముందు అటాక్ ఎవరు మొదలుపెట్టారు, ఎదుటివాళ్ళు దాన్ని కత్తితో అడ్డుకుని తిరిగి పొడిచారా, లేక అడ్డుకోకుండానే చెయ్యి చాచేశారా, ఇదంతా రిఫరీ తేల్చి ఒక్కరికే పాయింటు ఇస్తాడు. దీన్నే రైట్ ఆఫ్ వే అంటారు. 2024 పారిస్ పురుషుల ఫాయిల్ ఫైనల్లో హాంకాంగ్‌కి చెందిన చ్యూంగ్ కా లాంగ్, ఇటలీకి చెందిన ఫిలిప్పో మాక్కీ 14-14 దగ్గర ఉన్నప్పుడు రిఫరీలు పదేపదే వీడియో చూసి చివరికి చ్యూంగ్‌కి ఇచ్చారు, ఇటలీ వాళ్ళు మండిపడ్డారు. స్వర్ణం తేల్చే పాయింటు ఎందుకొచ్చిందో ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళే వాదించుకుంటుంటే కొత్తగా చూసేవాళ్ళు ఏమైపోవాలి? అయితే చేతి పనితనంలో దీన్ని మించింది లేదు. ఇటలీకి చెందిన వాలెంతీనా వెజ్జాలీ 2000, 2004, 2008ల్లో వరసగా మూడు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచింది ఈ కత్తితోనే. ఆ పనితనం కనబడాలంటే మాత్రం మన కన్ను ముందు కాస్త అలవాటుపడాలి.

సేబర్‌లో పొడవడమే కాదు, అంచుతో కొట్టినా పాయింటే. నడుం పైన తల, చేతులతో సహా ఎక్కడ తగిలినా చెల్లుతుంది. ఎంత వేగమంటే, రిఫరీ మొదలుపెట్టమనగానే ఇద్దరూ ఒకరి మీదికొకరు దూకుతారు, రెప్పపాటులో అయిపోతుంది, రీప్లే చూస్తే తప్ప ఏం జరిగిందో తెలియదు. రైట్ ఆఫ్ వే దీనికీ ఉంది. చిన్న చిట్కా ఏంటంటే కత్తుల్ని వదిలేసి రిఫరీ చేతుల్ని చూడండి, ఏ వైపు చెయ్యి చాస్తే ఆ వైపు వాళ్ళది అటాక్. అలా ఒక బౌట్ (ఇద్దరి మధ్య పోటీ) చూస్తే రెండోది తలకెక్కుతుంది. మనకి సేబర్ మీద మమకారం ఉండటానికి కారణం భవానీ దేవి. ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన మొదటి భారత ఫెన్సర్ ఆమే. టోక్యోలో ట్యునీషియా అమ్మాయి నాదియా బెన్ అజీజీని 15-3తో ఓడించి, తర్వాతి బౌట్‌లో ఫ్రాన్స్‌కి చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఆ బ్రూనే పారిస్‌లో స్వర్ణం గెలిచింది, అంటే మన అమ్మాయి ఎలాంటి ప్రత్యర్థితో తలపడిందో చూడండి.

ఇక ఎపీ. కత్తి బరువు 770 గ్రాముల వరకూ ఉండొచ్చు. తల నుంచి కాలి బొటనవేలి దాకా ఎక్కడ పొడిచినా పాయింటే, రైట్ ఆఫ్ వే గొడవే లేదు. ఎవరి లైటు ముందు వెలిగితే వాళ్ళది, సెకనులో 25వ వంతు తేడాలోపు ఇద్దరూ తగిలించుకుంటే చెరొక పాయింటు. అంతే, నిబంధన మొత్తం ఇదే! కానీ ఈ తేలికే ఆటగాడిని కట్టిపడేస్తుంది, ఎందుకంటే తొందరపడి చెయ్యి చాచిన క్షణంలో మణికట్టు దొరికిపోతుంది. దగ్గరగా చూపిస్తున్నప్పుడు కత్తి మొనని గమనించండి, ఎదుటివాడి గిన్నెలాంటి చేతికాపు అంచు చుట్టూ వేలెడంత సందు కోసం తిరుగుతూనే ఉంటుంది, ఉన్నట్టుండి కిందికి జారి బూటు మీద పడుతుంది. ఇది నెమ్మది, బోర్ అనేవాళ్ళున్నారు. నిజమే, కొన్ని బౌట్లలో ఇద్దరూ ముందుకే రారు, టచ్ లేకుండా నిమిషం గడిస్తే కార్డు చూపించే నిబంధన పెట్టింది అందుకే. అయినా పారిస్ మహిళల ఎపీ ఫైనల్ చూసినవాళ్ళు ఆ మాట అనలేరు. హాంకాంగ్ అమ్మాయి వివియన్ కాంగ్ 1-7తో వెనకబడి, ఫ్రాన్స్ ప్రేక్షకులంతా ఎదుటి అమ్మాయి కోసం అరుస్తున్న హాల్లో ఒక్కొక్క పాయింటే కూడబెట్టుకుని, అదనపు నిమిషంలో 13-12తో గెలిచింది. ఆ టెన్షన్ అర్థం కావడానికి ఎవరూ మనకి నిబంధనలు వివరించక్కర్లేదు.

ఎపీలో అన్యాయం జరగదని కాదు. 2012 లండన్ సెమీస్‌లో కొరియా అమ్మాయి షిన్ ఆ-లామ్ ఇంకో సెకను ఆగితే ఫైనల్ చేరేది, గడియారం ఆ ఒక్క సెకను దగ్గరే ఆగినట్టయి, జర్మనీకి చెందిన బ్రిట్టా హైడెమన్ టచ్ కొట్టేసింది. అప్పీలు తేలేదాకా షిన్ దాదాపు గంటసేపు పీస్ట్ మీదే ఏడుస్తూ కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అయితే అక్కడ చిక్కొచ్చింది గడియారంతో, ఎవరికి తగిలిందన్నది మాత్రం అందరికీ కనబడింది.

వ్యక్తిగతమా, టీమా అంటే, మొదటిసారికి టీమే మేలు. ముగ్గురేసి ఆడి 9 బౌట్లలో 45 పాయింట్ల దాకా వెళ్తారు. ఒక్కో బౌట్‌కి జట్టు మొత్తం స్కోరు హద్దు 5, 10, 15 ఇలా పెరుగుతుంది కాబట్టి వెనకబడిన జట్టులో ఒక్కరు విజృంభిస్తే ఐదుకి మించి కూడా కొట్టి లెక్క తారుమారు చేసేయొచ్చు. టైమ్ తక్కువుంటే ఎపీ టీమ్ సెమీస్ నుంచి చూడండి, ఆ తర్వాత రిఫరీ చేతుల మీద కన్నేసి సేబర్. ఫాయిల్‌ని మూడోదిగా పెట్టుకుంటే, అప్పటికి అటాక్ ఎవరిదో మీరే రిఫరీ కంటే ముందు చెప్పడం మొదలుపెడతారు.