రిమోట్‌లో ఆ ఫ్యాన్ బటన్: రెండు వేసవులు వాడాక నా ఏసీ రివ్యూ

ఏసీ కొన్నాక రిమోట్‌లో మనం నొక్కేవి రెండే బటన్లు, చల్లదనం పెంచేది, తగ్గించేది. మిగతావన్నీ కొత్తగా మెరుస్తూ అలాగే ఉండిపోతాయి. నాదీ అదే కథ. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, పడకగదిలో పెట్టించి రెండు వేసవులు దాటాయి. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది చాలా కంపెనీల ఏసీలకి వర్తిస్తుంది. చల్లబరచడంలో దీనికి వంక పెట్టడానికి ఏమీ లేదు, చప్పుడు కూడా తక్కువే, ఆ ముక్కతో మామూలు రివ్యూ అయిపోయింది. ఇక రాయాల్సిందంతా ఫ్యాన్ బటన్ గురించే.

మొదటి వేసవంతా నా లెక్క ఏంటంటే, ఫ్యాన్ స్పీడు తగ్గిస్తే కరెంటు మిగులుతుందని. వినడానికి సబబుగానే ఉంటుంది కదా. రాత్రి ఫ్యాన్‌ని 'లో' (తక్కువ స్పీడు)లో పెట్టి, ఏదో పొదుపు చేసేశానన్న తృప్తితో ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, గోడ మీద యూనిట్‌లో తిరిగే బ్లోయర్ తినేది మహా అయితే 30 నుంచి 50 వాట్లు. అసలు తిండిపోతు బయట గోడకి వేలాడుతున్న కంప్రెసర్. ఫుల్లుగా పరిగెత్తినప్పుడు అది ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. అంటే నేను రూపాయి దగ్గర పైసలు లెక్కపెడుతూ కూర్చున్నానన్నమాట.

పైగా ఆ పైసల పొదుపు కూడా ఎదురు తన్నింది. లోపల కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదుగా గాలి బాగా పోతేనే గదిలో వేడి దానికి అందుతుంది. గాలి తగ్గితే కాయిల్ ఇంకా ఇంకా చల్లబడుతుంది, కానీ ఆ చల్లదనం గదిలోకి రాదు, అక్కడే ఉండిపోతుంది. కాయిల్ ఎంత చల్లగా ఉంటే కంప్రెసర్‌కి పని అంత బరువు. బావిలో నీళ్లు పైకి ఉంటే రెండు బారలు లాగితే బిందె నిండుతుంది, అడుగంటితే అదే బిందెకి భుజాలు పడిపోతాయి, ఇదీ అంతే. అందుకే గది వేడిగా ఉన్న మొదటి అరగంట, ముప్పావుగంట ఫ్యాన్ హైలో ఉండాలి. ఏసీ లైనుకి చిన్న డిజిటల్ మీటర్ ఒకటి పెట్టించి కొన్నాళ్లు గమనించాను. హైలో పెట్టిన రోజు కంప్రెసర్ త్వరగా నెమ్మదించేది. 'లో'లో పెట్టిన రోజు గది చల్లబడేసరికే నిద్ర ముంచుకొచ్చేది, మీటర్ అంకె మాత్రం దిగేది కాదు.

అయితే హై మంచిదని తెలిశాక నేను అతికి పోయాను. కంప్రెసర్ ఆగినా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్‌లో మిగిలిన చల్లదనం ఊరికే పోకుండా వాడుకోవచ్చు కదా అనిపించింది. ఈ ఆలోచనలో తప్పు లేదు, గాలి పొడిగా ఉండే చోట నిజంగానే పనికొస్తుంది కూడా. కానీ ఉక్కగా ఉన్న రోజుల్లో ఇదే పెద్ద బొక్క. కాయిల్ మీద అప్పటిదాకా పట్టిన నీళ్లు అన్నీ ట్రేలోకి జారి పైపులో పోవు, కొన్ని రేకుల మధ్య అంటుకునే ఉంటాయి. కంప్రెసర్ ఆగాక బ్లోయర్ తిరుగుతుంటే ఆ తడిని ఆరబెట్టి తిరిగి గదిలోకే ఊదుతుంది. కరెంటు పోసి గాలిలోంచి పిండిన తేమని మళ్లీ మనమీదే చల్లుకోవడం ఇది. మంచం పక్కన తేమ చూపించే చిన్న పరికరం పెట్టుకున్నాను. అర్ధరాత్రి దాటాక కంప్రెసర్ ఆగి ఫ్యాన్ ఒక్కటే తిరిగే వేళ అందులో అంకె 55 నుంచి మెల్లగా ఎక్కుతూ 65 దాటేది. టెంపరేచర్ 25 చూపిస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం జిగటజిగటగా. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? సగం నిద్రలో రిమోట్ వెతుక్కుని 22కి దించుతాడు. అక్కడితో పొదుపు గోవిందా.

ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో విల్లిస్ కారియర్ మొదటి యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు, ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకి కాగితం ఉబ్బిపోయి రంగులు కుదరడం లేదని. నూటపాతికేళ్లు కావొస్తున్నా మనం రిమోట్ మీద టెంపరేచర్ అంకె ఒక్కటే చూస్తున్నాం.

ఇక్కడే ఈ ఏసీ మీద నా మొదటి ఫిర్యాదు. ఫ్యాన్‌ని హైలో ఫిక్స్ చేస్తే, కంప్రెసర్ ఆగినా అదే స్పీడులో ఊదుతూనే ఉంటుంది, తగ్గదు. ఆటోలో పెడితే తనే తగ్గించుకుంటుంది. ఈ తేడా మాన్యువల్‌లో ఎక్కడా లేదు. పేజీలకి పేజీలు జాగ్రత్తలు రాసినవాళ్లు, ఆటో అంటే ఏం చేస్తుందో ఒక్క వాక్యం రాయలేకపోయారు.

రెండో వేసవి మొదట్లో కొత్త తలనొప్పి. ఫ్యాన్ హైలోనే ఉంది, చప్పుడు వస్తోంది, గాలి మాత్రం మంచం దాకా రావడం లేదు. ఫ్లాప్ దగ్గర చెయ్యి పెడితేనే తెలుస్తోంది. ఆన్ చేసిన మొదటి రెండు నిమిషాలు తడిసిన సాక్సుల వాసన. సర్వీస్ అబ్బాయి వచ్చి, ఫిల్టర్లు కడిగి, పైపు పట్టుకుని చూసి, "సార్, గ్యాస్ తగ్గింది, నింపాలి" అన్నాడు. "బ్లోయర్ విప్పి చూశావా బాబూ?" అంటే, "అవసరం లేదు సార్, అది బానే తిరుగుతోందిగా" అని సమాధానం. పంపించేశాను. వేరే ఆయన్ని పిలిస్తే, ఆయన ముందు ఫ్లాప్ తెరిచి టార్చి వేసి నన్నే చూడమన్నాడు. బ్లోయర్ అంటే పొడుగాటి గొట్టంలా ఉంటుంది, చుట్టూ సన్నటి వంపు రెక్కలు. ఆ రెక్కల వంపులన్నీ నల్లటి మెత్తటి మురికితో పూడిపోయి ఉన్నాయి. వంపు పూడిన రెక్క తిరుగుతుంది కానీ గాలిని పట్టి విసరలేదు. కింద సంచి కట్టి, జెట్ పంపుతో కాయిల్, బ్లోయర్ రెండూ కడిగాడు. బకెట్‌లోకి దిగిన నీళ్లు నల్లకాఫీ రంగులో ఉన్నాయి. ఆ రాత్రి మీడియంలోనే గాలి మంచం దాటి తలుపు దాకా పోయింది. గ్యాస్ చుక్క కూడా నింపలేదు.

గ్యాస్ తగ్గినా, గాలి తగ్గినా కాయిల్ మీద ఐసు కట్టొచ్చు, చల్లదనం పడిపోవచ్చు. అందుకే గ్యాస్ అన్నమాట వినగానే తల ఊపకండి, ముందు ఫిల్టర్, బ్లోయర్ చూపించమనండి. ఫిల్టర్ మనమే రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి, ఆరాక పెట్టేసుకోవచ్చు, దానికి ఎవరూ రానక్కర్లేదు.

ఇప్పుడు నేను వాడే పద్ధతి చెప్తాను. గదిలోకి రాగానే హై, చల్లబడ్డాక ఆటో. పైన సీలింగ్ ఫ్యాన్ తక్కువ స్పీడులో, ఏసీ 26లో. సీలింగ్ ఫ్యాన్ గాలి ఒంటికి తగులుతుంటే రెండు డిగ్రీలు ఎక్కువున్నా తేడా తెలియదు, ఆ రెండు డిగ్రీలు కంప్రెసర్‌కి మాత్రం బాగా తెలుస్తాయి. ఇంట్లో మొదట గొడవే అయింది, "26 అంటే ఏసీ ఎందుకు, కిటికీ తీసుకుంటే పోలా" అని మా నాన్న. వారం రోజులు ఆయనకి అంకె చెప్పలేదు, హాయిగా దుప్పటి కప్పుకుని పడుకున్నారు. బాగా ముసురు పట్టి ఉక్క ఎక్కువైన రోజు డ్రై మోడ్, అంటే తేమ తీసే మోడ్. అందులో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, అక్కడ నెమ్మదే కావాలి, ఎందుకంటే కాయిల్ బాగా చల్లబడితేనే తేమ ఎక్కువ దిగుతుంది. చూశారా, మొదట తిట్టిన లో స్పీడుకి కూడా ఒక రోజు వచ్చింది.

డక్టులతో, అంటే గాలి మోసుకెళ్లే గొట్టాలతో, ఇల్లంతటికీ ఒకే ఏసీ ఉన్నవాళ్లు మాత్రం నా 40 వాట్ల లెక్క పట్టుకోకండి. పాత రకం మోటారు ఉన్న ఆ పెద్ద బ్లోయర్ 400, 500 వాట్లు కూడా లాగుతుంది. దాన్ని ఆన్‌లో పెట్టి మర్చిపోతే రోజుకి పది యూనిట్లు దాటిపోతుంది, పైగా డక్టు అటక మీదుగా పోతుంటే అక్కడి వేడి కూడా లోపలికి చేరుతుంది. మీకు ఆటోనే మేలు.

రేటింగ్ ఇవ్వమంటే చల్లదనానికి అయిదుకి నాలుగున్నర, రిమోట్‌కీ మాన్యువల్‌కీ కలిపి రెండు. ఆపేశాక బ్లోయర్‌ని కాసేపు తనే తిప్పి కాయిల్ ఆరబెట్టుకునే సదుపాయం చాలా మోడళ్లలో ఉంది, కొనేముందు అది అడగండి. నా దాంట్లో లేదు. అందుకని పొద్దున లేవగానే ఫ్యాన్ మోడ్‌లోకి మార్చి, కిటికీ తెరిచి, గది వదిలి వెళ్లిపోతున్నాను. అరగంట తిరిగినా యూనిట్‌లో యాభయ్యో వంతు ఖర్చు. సాక్సుల వాసన మళ్లీ రాలేదు, ఆపడం మర్చిపోయి ఆఫీసుకి వెళ్లిపోయిన రోజులు మాత్రం రెండున్నాయి.