డ్యూయల్ ఫేజ్ ఉక్కా, బోరాన్ ఉక్కా?

కారు ముందుభాగంలోని పొడవాటి దూలాలు ఢీకొన్నప్పుడు మడతలు పడుతూ శక్తిని పీల్చుకోవాలి. ఫెరైట్ అనే మెత్తని ఉక్కు రూపంలో మార్టెన్‌సైట్ అనే చాలా గట్టి రూపం దీవుల్లా పరచుకున్న డ్యూయల్ ఫేజ్ ఉక్కు నలిగేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి, అక్కడ దాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. తలుపుల మధ్యనున్న నిలువు స్తంభం మాత్రం లోపలికి చొచ్చుకురాకూడదు. దానికి జానెడు దూరంలోనే మనిషి తల ఉంటుంది. అందుకే అక్కడ బోరాన్ ఉక్కు, అంటే కొద్దిగా బోరాన్ కలిపిన ఉక్కు, మేలు. బోరాన్ ఉక్కు రేకును సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు ఎర్రగా కాల్చి, లోపల నీరు ప్రవహించే చల్లని అచ్చులో నొక్కిపట్టి ఉంచితే, కొద్ది సెకన్లలోనే మార్టెన్‌సైట్‌గా మారి, దాదాపు 1500 మెగాపాస్కళ్ల తన్యబలాన్ని (లాగినా తెగకుండా తట్టుకునే బలాన్ని) పొందుతుంది, ఆకారమూ చెదరదు. డ్యూయల్ ఫేజ్ రేకును వేడి చేయకుండానే వేగంగా మలచవచ్చు గానీ, బలం పెరిగేకొద్దీ అది అచ్చు నుంచి తీయగానే స్ప్రింగులా వెనక్కి విచ్చుకుంటుంది. బోరాన్ ఉక్కుకు కొలిమి, లేజర్ కత్తిరింపుల ఖర్చు తప్పదు.