ఐదేళ్ళ పంటి బీమా: నేను కట్టినదీ, నాకు తిరిగి వచ్చినదీ

2020 అక్టోబరులో మా దంపతుల ఆరోగ్య బీమా పాలసీకి పంటి వైద్యం కోసమని ఒక ఓపీడీ రైడర్‌ను, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి డబ్బిచ్చే అదనపు రక్షణను, జతచేయించుకున్నాను. ప్రీమియం 2,500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి ఏడాదికి 2,950. ఇద్దరికీ కలిపి ఏడాది పరిమితి 5,000. కో-పే, అంటే ప్రతి బిల్లులో మేము భరించవలసిన వాటా, 20 శాతం. ఈ అంకెలు చూసి లెక్క తెలిసిపోయిందనుకున్నాను. ఐదేళ్ళు వాడిన మీదట తేలిందేమిటంటే, నాకు చిక్కు వచ్చిన ప్రతిసారీ అది మాటల దగ్గరే వచ్చింది. విశాఖలోని క్లినిక్‌లో అనే మాట ఒకటి, పాలసీ పత్రంలో రాసిన మాట మరొకటి.

అసలు పాలసీలో పళ్ళకు రక్షణ లేదా అని అడిగేవారు చాలామంది ఉన్నారు. ఉన్నది గానీ, మన దేశంలోని సాధారణ ఆరోగ్య పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరినప్పుడే దంత చికిత్సకు డబ్బిస్తాయి. మా సహోద్యోగి కుమారుడు హనుమంతవాక దగ్గర బండి మీదనుంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు; ప్రమాదమన్నది నిజమే అయినా, అడ్మిట్ కాకుండా క్లినిక్‌లోనే వైద్యం చేయించినందున వారికి పైసా రాలేదు. రైడర్ అవసరం అక్కడ వస్తుంది.

మొదటి 90 రోజులు వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ రోజుల్లో క్లెయిము చెల్లదు. అది గడిచాక చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని పళ్ళు శుభ్రం చేయించుకున్నాను. 1,200 రూపాయల బిల్లు మీద రిసెప్షన్‌లో 'క్లీనింగ్, పాలిషింగ్' అని రాసి ఇచ్చారు. సౌందర్య చికిత్సలకు రక్షణ లేదంటూ కంపెనీ దానిని నిలిపివేసింది. నిజానికి పళ్ళను తెల్లబరచడం వేరు, చిగుళ్ళ అంచున గట్టిపడిన గారను పరికరంతో తొలగించడం వేరు. రెండోదాని పేరు స్కేలింగ్, అది చికిత్స. చిగుళ్ళ వాపు ఉన్నదని, స్కేలింగ్ చేశానని డాక్టరు గారు తన చీటీ మీద ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చాక 960 రూపాయలు వచ్చాయి. మరుసటి ఏడాది రెండు పిప్పి పళ్ళకు ఫిల్లింగ్ చేయించినప్పుడు ఏ గొడవా లేకుండా 2,400కు 1,920 వచ్చింది.

అసలు పాఠం 2023 ఫిబ్రవరిలో నేర్చుకున్నాను. కాఫీ తాగితే ఎడమవైపు కింది దవడ పన్ను జివ్వున లాగి, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వకపోవడంతో ద్వారకానగర్‌లోని ఒక క్లినిక్‌కు వెళ్ళాను. ఎక్స్‌రే తీసి, పుచ్చు లోపలి నరందాకా వెళ్ళిందని, రూట్ కెనాల్ తప్పదని చెప్పి ఎస్టిమేటు ఇచ్చారు. అందులో పంటి నంబరు 36 అని ఉంది. నోట్లో ఉండేవే 32 పళ్ళు కదా, ముప్పయ్యారోది ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే డాక్టరు గారు నవ్వి, కాగితం మీద గీసి చూపించారు. నోటిని నాలుగు భాగాలుగా చేసి, మన కుడి పైభాగాన్ని 1, ఎడమ పైభాగాన్ని 2, ఎడమ కిందిదాన్ని 3, కుడి కిందిదాన్ని 4 అంటారు. ఒక్కొక్క భాగంలో ముందుపన్నుతో మొదలుపెట్టి జ్ఞానదంతం వరకు 1 నుంచి 8 లెక్కిస్తారు. కాబట్టి 36 అంటే మూడో భాగంలో ఆరో పన్ను. నాకు ముచ్చట వేసింది గానీ, ఆ ముచ్చట క్లెయిము దగ్గర తీరిపోయింది. చివరి బిల్లులో అదే పన్నును ఇంకో పద్ధతిలో 'ఎల్ఎల్6' (లోయర్ లెఫ్ట్ 6, అంటే ఎడమ కింది ఆరోది) అని రాశారు. ఎస్టిమేటులో ఒక పన్ను, బిల్లులో మరొక పన్ను ఉన్నాయని కంపెనీ ప్రశ్న వేసి 18 రోజులు ఆపింది. చికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రే, తరువాత తీసినది రెండూ పెట్టమన్నారు. అదృష్టవశాత్తు రెండూ నా దగ్గర ఉన్నాయి. 4,800 రూపాయల బిల్లుకు 3,840 ఇచ్చారు.

అయితే రూట్ కెనాల్‌తో పని పూర్తి కాదు. పంటి లోపలి నరాన్ని తీసి, కాలువలను శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే రబ్బరువంటి పదార్థంతో నింపాక ఆ పన్నులో గట్టి భాగం కొంతే మిగులుతుంది, నమిలే ఒత్తిడికి చీలిపోయే ప్రమాదం ఉంటుంది గనుక దవడ పన్నుకు పైన తొడుగులాంటి క్యాప్ వేయించుకోమంటారు. నేను జిర్కోనియా అనే పింగాణీలాంటి గట్టి పదార్థంతో చేసిన క్యాప్ వేయించుకున్నాను, 9,000 రూపాయలు. 'క్యాప్' అనే మాట కోసం పాలసీ అంతా వెతికి ఎక్కడా నిషేధం కనపడక ధైర్యంగా బిల్లు పెట్టాను. మినహాయింపుల పేజీలో అది 'క్రౌన్' అనే పేరుతో, బ్రిడ్జి, ఇంప్లాంటు, కట్టుడుపళ్ళ సరసన కూర్చుని ఉందని తిరస్కరించిన తరువాత తెలిసింది. ఈ రైడర్‌కు నేను పెట్టే పెద్ద వంక ఇదే. సగం దూరం తీసుకువెళ్ళి దింపేసే ఆటోలాంటిది. (అసలు క్యాప్ వచ్చేలోగా పెట్టిన తాత్కాలిక క్యాప్ మాడుగుల హల్వా తింటుండగా ఊడివచ్చింది, ఆ తప్పు పూర్తిగా నాదే.)

2024 మార్చిలో మా ఆవిడకు కుడివైపు కింది జ్ఞానదంతం అడ్డంగా పెరిగినందున చిగురు కోసి తీయవలసి వచ్చింది. బిల్లు 7,000. ఇందులో 20 శాతం తీసివేస్తే 5,600, పరిమితి 5,000 గనుక 5,000 వస్తుందని నా లెక్క. వచ్చింది 4,000. వాళ్ళు ముందు బిల్లును పరిమితికి కుదించి, ఆ తరువాత కో-పే కోశారు. ఫిర్యాదుల విభాగానికి మెయిల్ రాస్తే, ఏ క్రమంలో తీసివేస్తారో చెప్పే వాక్యాన్ని నా పాలసీ నుంచే చూపించారు. జవాబు నచ్చకపోయినా, 30 రోజుల్లో రాకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళే హక్కు మనకు ఉన్నది. కానీ వాక్యం అంత స్పష్టంగా ఉన్నప్పుడు వెళ్ళి ప్రయోజనం లేదని విరమించుకున్నాను.

ఈ కో-పే గురించి డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయితో మాట్లాడినప్పుడు ఇద్దరం చాలాసేపు ఒకరికొకరం అర్థం కాలేదు. అక్కడ కో-పే అంటే సందర్శనకు ఇంత అని కట్టే స్థిరమైన మొత్తం. మనం శాతంగా భరించే వాటాను వారు కో-ఇన్సూరెన్స్ అంటారు. తన ప్లానులో ఏడాదికి మొదటి 50 డాలర్లు డిడక్టిబుల్, అంటే అంతవరకు తానే పెట్టుకోవాలి. ఆపైన క్లీనింగ్ వంటి నివారణ సేవలకు నూటికి నూరు, ఫిల్లింగులకు 80, క్రౌన్లకు 50 శాతం ఇస్తారట. క్రౌన్‌కు సగమైనా ఇస్తున్నారన్న మాట దగ్గర నాకు కొంచెం కడుపు మండింది.

ఐదో ఏట ఇద్దరం స్కేలింగ్ చేయించుకుని 1,920 తీసుకున్నాము. మొత్తం కట్టినది 14,750, వచ్చినది 12,640. డబ్బు పరంగా 2,110 రూపాయల నష్టం. పళ్ళు గట్టిగా ఉండి, ఏడాదికొక స్కేలింగ్‌తో సరిపోయేవారికి ఇది దండగ. తీరిక ఉన్నవారు రుషికొండలోని గీతం దంత వైద్య కళాశాలకో, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాలకో వెళ్ళవచ్చు. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేసే చికిత్సకు ప్రైవేటు క్లినిక్‌కంటే సాధారణంగా తక్కువ అవుతుంది, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

అయినా నేను 2025 అక్టోబరులో రెన్యూ చేశాను. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసివేయడంతో 2,500తోనే సరిపోయింది, పైగా మా ఆవిడకు ఎడమవైపు కింది జ్ఞానదంతం మిగిలే ఉంది. తొందర లేదని డాక్టరు గారు అనడంతో, స్కేలింగులను పాత ఏడాది పరిమితిలో ముగించి, ఈ పన్నును కొత్త ఏడాదికి పెట్టుకున్నాము. ఎస్టిమేటులోనూ బిల్లులోనూ పంటి నంబరు 38 అనే రాయాలని రిసెప్షన్‌లో ముందే చెప్పి వచ్చాను.