గుణదల కొండ మీద గుడ్ ఫ్రైడే

ముందు లాడ్జి సంగతి చెప్తాను, మీరెవరూ మాలాగా మోసపోకూడదు. ఫోన్‌లో ఏసీ రూము 1,200 అన్నాడు. పవిత్ర గురువారం రాత్రి విజయవాడ గుణదలలో పూజ ముగించుకుని తొమ్మిదిన్నరకి వెళ్తే, "పండగ రద్దీ మేడం, 1,800" అన్నాడు. పండగా! ప్రభువును గెత్సేమనే తోటలో పట్టుకుపోయిన రాత్రి అది. మోకాళ్ల నొప్పితో అత్తయ్య మెట్ల మీదే కూలబడ్డారు. ఇంకేం చేస్తాం, కట్టాం. ఏసీలోంచి వేడిగాలి, కుళాయిలో చుక్క నీళ్లు లేవు, దిండు మీద ఎవరిదో తలనూనె మరక. మా ఆయన కౌంటర్ దగ్గర గొడవపడి వచ్చి, ఇక ఎవరితోనూ మాట్లాడలేదు.

తెల్లారి నాలుగున్నరకే కొండకి ఆటో ఎక్కాం, 150.

నేను గుంటూరు లూథరన్ల పిల్లని. 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చినప్పుడు మొదలైన సంఘం మాది. మాకు గుడ్ ఫ్రైడే అంటే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, ఫ్యాన్ కింద కూర్చుని వినడం. అత్తయ్యవాళ్లు కథోలికులు. వాళ్లది సిలువ మార్గం: పిలాతు తీర్పు నుంచి సమాధి వరకు 14 స్థలాలు, ఒక్కో చోటా మోకరించి ప్రార్థన. ఆయన మూడుసార్లు పడతాడు. చిన్నప్పటి నుంచి ఆయన శ్రమల గురించి వింటూనే ఉన్నా, వట్టి కాళ్లతో ఆ కొండ మెట్లెక్కుతుంటేనే నాకు ఏడుపొచ్చింది.

ఆరో స్థలం దగ్గర ఉండబట్టలేక అడిగాను. "అత్తయ్యా, ముఖం తుడిచిన ఈ వెరోనికా సువార్తల్లో లేదు కదా?"

ఆవిడ పమిటచెంగుతో నా ముఖం మీద చెమట తుడిచారు. "అంత నెత్తురోడుతూ పోతుంటే ఒక్క ఆడమనిషైనా తుడవకుండా ఉంటుందామ్మా?"

అక్కణ్ణించి మా ఆయన నోరు మెదపకుండా వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని పైదాకా ఎక్కించారు.

వెళ్లేవాళ్లు ఐదింటికల్లా మొదలుపెట్టండి, ఎనిమిదైతే రాళ్లు కాలతాయి. నీళ్లసీసా తప్పదు. రూము మాత్రం కళ్లతో చూశాకే డబ్బులివ్వండి, పెద్దవాళ్లు కూర్చుండిపోయినా సరే.

ఒక్కపొద్దు కాబట్టి అత్తయ్య మజ్జిగ కూడా ముట్టలేదు. బస్సులో కునుకుతీస్తున్నారనుకున్నాను. మంగళగిరి దాటాక కళ్లు తెరిచి, "పన్నెండింటికి మీ గుళ్లో ఏడు మాటలుంటాయిగా, అందుకుంటామా?" అన్నారు. పదకొండుకల్లా గుంటూరులో దిగాం.