నల్లులకు మందు గుడ్డ మేలా, వేడి మేలా?

పరుపు కుట్టు వెంట నల్లని చుక్కలు కనబడితే తడిగుడ్డతో అద్ది చూడండి. సిరాలా పాకితే అవి నల్లులు వదిలిన మరకలే కావచ్చు. ఇక ప్రశ్న ఒక్కటే. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన పరుపు తొడుగు కొనాలా, మామూలు జిప్పు తొడుగు వేసి వేడిని నమ్ముకోవాలా?

మందు గుడ్డలో శ్రమ లేదు. నల్లి దాని మీద నడవాలి, మందు ఒంటికెక్కి చావాలి. చిక్కల్లా ఆ చావు దగ్గరే. పెర్మెత్రిన్ దెబ్బ తీసేది నరాల్లో సంకేతాలు నడిపే సోడియం ద్వారాల మీద. ఒకప్పటి పురుగుమందు డీడీటీ గురి కూడా అదే. డీడీటీకి లొంగని నల్లులు 1947లోనే హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ సైనిక బ్యారక్‌లలో కనబడ్డాయి. ఆ ద్వారం నిర్మాణమే మారిన నల్లుల మీద రెండు మందులూ సరిగా పనిచేయవు. కొన్నింటిలో మందును విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువ, కొన్నింటికి పైపొర మందం. మందు దోమతెరలు వచ్చిన కొత్తలో నల్లులు కూడా పోతున్నాయని సంబరపడినవారు, అవి తిరిగొచ్చాక తెరల మీదే నమ్మకం వదులుకున్నారు. పాపం, దోమల మీద తెర ఇంకా పనిచేస్తున్నా సరే.

వేడికి ఇలాంటి ఎదురీత తక్కువ. 50 డిగ్రీలు దాటితే పెద్ద నల్లులు త్వరగానే చస్తాయి. గుడ్లు మొండివి, 48 డిగ్రీల దగ్గర వాటికి గంటకు పైగా పడుతుంది. దుప్పట్లకు 60 డిగ్రీల నీళ్ల ఉతుకు, ఆపైన వేడి డ్రైయర్ చాలు. పరుపును ఎండలో వేయడం మాత్రం నమ్మదగిన పని కాదు, నల్లి నీడవైపుకు నడుస్తుంది. వేడికి ఉన్న లోటు ఒక్కటే: చల్లారాక కాపలా ఉండదు.

ఆ కాపలాకు మంచం సందుల్లో సిలికా పొడి పలుచగా వేయవచ్చు. ఆ పొడి నల్లి ఒంటి మైనపు పొరను పీల్చి దాన్ని ఎండగడుతుంది, మందుకు లొంగనివి కూడా దీనికి లొంగుతాయి. మనం పీల్చితే ఊపిరికి మంచిది కాదు కాబట్టి పరుపు మీద చల్లకూడదు.

నా ఓటు మందు లేని తొడుగుకే. లోపల చిక్కినవి ఆకలితో పోవాలి, అందుకు ఏడాదైనా విప్పకుండా ఉంచాలి. జిప్పు కొసన మిగిలే సందు పిల్ల నల్లికి చాలు, అక్కడ టేపు అంటించండి.