స్టాంపులు చూపించిన దారిలో నీమ్, ఆర్ల్, ఒరాంజ్

దక్షిణ ఫ్రాన్స్ అనగానే చాలామంది లావెండర్ తోటలనో, సముద్రతీరాన్నో తలచుకుంటారు. మేం వెళ్లింది మాత్రం నాలుగు స్టాంపుల కోసం. 1929లో వచ్చిన 20 ఫ్రాంకుల పోన్ దు గార్ వంతెన, 1938లో వచ్చిన 2 ఫ్రాంకుల ఒరాంజ్ విజయతోరణం, 1957 నాటి సాన్ రెమీ కట్టడాలు, 1981లో వచ్చిన నీమ్ మెజోన్ కారే గుడి. నాలుగు కట్టడాలూ రోమన్ల కాలానివే. ఈ ఊళ్లన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. సాన్ రెమీకి మాత్రం రైలు లేదు, బస్సే గతి. వీటిలో ఏది స్టాంపులో కన్నా బాగుంది, ఏది స్టాంపులోనే బాగుంది, ఎక్కడ దిగితే సుఖం అన్నది రాస్తున్నాను. స్టాంపుల పిచ్చి లేనివాళ్లకీ పనికొస్తుంది.

ముందు బస సంగతి. అందరూ చెప్పేది అవిన్యోన్‌లో దిగమని. మేమూ మొదట అక్కడే దిగాం. కోటగోడ లోపల పాత భవనంలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రకటనలో ఏసీ అని ఉంది, వెళ్లి చూస్తే నిలబెట్టే ఫ్యాను. ఫోన్ చేస్తే ఇంటాయన, "గోడలు మందం కదా, చల్లగానే ఉంటుంది" అన్నాడు. ఆ రాత్రంతా ఆ మందపు గోడలు పగటి వేడిని తిరిగి మా మీదే కుమ్మరించాయి. పైగా జులైలో అక్కడ నాటకోత్సవం. గదుల ధరలు మండిపోతుంటాయి, వీధుల్లో కాలు పెట్టడానికి సందుండదు. పోప్‌ల కోట చూడాలంటే పగటిపూట వచ్చి వెళ్లిపోవచ్చు.

తర్వాత నీమ్‌కి మారాం. స్టేషన్‌కీ, రోమన్ల క్రీడారంగం అరీనాకీ మధ్య ఓ చిన్న హోటల్. స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా చెట్ల నీడన తిన్నటి రోడ్డు, పది నిమిషాలు నడిస్తే రెండువేల ఏళ్ల నాటి అరీనా. గది ఇరుకే, పొద్దున ఇచ్చే టిఫిన్ కూడా బ్రెడ్డూ జామూ వరకే. కానీ పెట్టెలు దొర్లించుకుంటూ గదికి పోవచ్చు, ఆర్ల్‌కి అరగంటలో రైలు, అవిన్యోన్‌కీ అంతకు కాస్త ఎక్కువే. నన్నడిగితే మకాం నీమ్‌లోనే. ఒక్క జాగ్రత్త: 'నీమ్ పోన్ దు గార్' అని ఇంకో స్టేషన్ ఉంది. అది నీమ్ ఊళ్లోనూ లేదు, ఆ వంతెన దగ్గరా లేదు. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, వేగం రైళ్ల కోసం కట్టినది. టికెట్ తీసుకునేటప్పుడు నీమ్ సెంటర్ అని ఉందో లేదో చూసుకోండి. సెప్టెంబరులోనూ, ఈస్టర్ తర్వాత వచ్చే పెంతెకోస్తు పండగప్పుడూ ఎద్దుల పోటీల సంబరం జరుగుతుంది, ఆ వారాల్లో గది దొరకడం కష్టం.

ఇక వంతెన. పోన్ దు గార్ స్టాంపు అడ్డంగా, కాస్త పెద్ద సైజులో ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే కమానుల నీడలన్నీ సన్నటి గీతలే. చెక్కి అచ్చువేసిన స్టాంపు కాబట్టి వేలితో తడిమితే సిరా కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. అదే వరసలో రీమ్స్ చర్చి, మోన్ సాన్ మిషెల్, లా రోషెల్ రేవు కూడా వచ్చాయి, అన్నిటికన్నా ఎక్కువ విలువ ఈ వంతెనకే ఇచ్చారు. ఎందుకిచ్చారో అక్కడికెళ్తే తెలుస్తుంది. మూడు వరసల కమానులు: కింద 6, మధ్యలో 11, పైన ఇప్పుడు మిగిలినవి 35. ఎత్తు దాదాపు 49 మీటర్లు. రాళ్ల మధ్య సున్నం లేదు, ఒక్కో రాయి ఆరు టన్నుల దాకా బరువు. గోడలోంచి అక్కడక్కడ రాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పరంజా కట్టుకోవడానికి వదిలినవి, పని అయ్యాక చెక్కేయకుండా అలాగే ఉంచేశారు.

పి.గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: కింద నది దారి నదిది, పైన కాలువ దారి కాలువది. కాకపోతే ఇక్కడ పైన పారింది పొలాలకి పోయే నీళ్లు కాదు, నీమ్ ఊరికి పోయే మంచినీళ్లు. ఉజెస్ దగ్గరి ఊట నుంచి నీమ్ దాకా ఎగురుకుంటూ పోతే ఇరవై కిలోమీటర్లు, కొండలు చుట్టుకుంటూ తవ్విన కాలువ మాత్రం 50 కిలోమీటర్లు. అంత పొడవునా వాలు మొత్తం కలిపి సుమారు 12 మీటర్లే! లెవెల్ చూసే గొట్టాలూ, లేజర్లూ లేని రోజుల్లో.

అక్కడికి వెళ్లడానికి నీమ్ నుంచి బస్సుంది, ఆదివారాల్లో తక్కువ. మ్యూజియం బాగానే ఉంది, పిల్లలుంటే ఓ గంట పడుతుంది. పైవరసలో నీళ్లు పారిన కాలువలోకి గైడుతో తీసుకెళ్లే టూరు ఉంటే వదులుకోకండి. నీళ్లలోని సున్నం పక్క గోడలకి ఎంత మందాన పేరుకుందో దగ్గరగా చూడొచ్చు. రోమన్ వంతెనకి ఆనుకుని 1740లలో కట్టిన రోడ్డు వంతెన ఉంది, అందరూ నడిచేది దాని మీదే. అక్కడి రాళ్ల మీద పాత శిల్పులు పేర్లూ, తమ పనిముట్ల బొమ్మలూ చెక్కుకున్నారు. ఫొటోకి మాత్రం ఆ వంతెన అడ్డం, కాబట్టి అది కనబడని వైపుకి, నది ఒడ్డుకి దిగండి. లోపలి రెస్టారెంట్లో ధరకి తగ్గ తిండి లేదు, ఊళ్లోనే బ్రెడ్డూ, ఆలివ్ పచ్చడీ, పళ్లూ కొనుక్కుని రండి. శాకాహారులకి ఈ ప్రాంతంలో అదే భరోసా, ఎందుకంటే నీమ్ ప్రత్యేక వంటకం ఉప్పు చేపతో చేసేది.

వంతెన చూసి వచ్చిన సాయంత్రమే నీమ్‌లో కాస్తెల్లుమ్‌కి వెళ్లండి. ఎవరూ పెద్దగా చెప్పరు, టికెట్ లేదు. వీధి పక్కన కటకటాల వెనక నేలలో గుండ్రటి రాతి తొట్టి, అయిదున్నర మీటర్ల వెడల్పు, గోడకి పది గుండ్రటి రంధ్రాలు. 50 కిలోమీటర్లు నడిచొచ్చిన నీళ్లు ఇక్కడికి చేరి ఆ పది రంధ్రాల్లోంచి సీసపు గొట్టాల్లో ఊరి పేటలకి పంచుకుపోయేవి. దీని మీద స్టాంపు వేసి ఉంటే బాగుండేది. మా ఆవిడ మాత్రం, "ఈ గుంట కోసమా ఈ ఎండలో కొండెక్కించారు?" అంది.

మెజోన్ కారేకి స్టాంపు న్యాయమే చేసింది. అగస్టస్ మనవళ్లు గాయస్, లూసియస్‌ల పేర కట్టిన గుడి ఇది. అమెరికాలో వర్జీనియా శాసనసభ భవనానికి జెఫర్సన్ దీన్నే నమూనాగా తీసుకున్నాడు. 2023లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. లోపల మాత్రం సినిమా వేస్తారు, అంతే. దాని కోసం విడిగా టికెట్ కొనక్కర్లేదు, అరీనాతో కలిపిచ్చే పాస్ తీసుకుంటే సరి. ఎదురుగా ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ కట్టిన కారే దార్ ఆర్ట్ మ్యూజియం భవనం పైఅంతస్తు టెర్రస్‌కి వెళ్లి కాఫీ చెప్పుకుంటే గుడి మొత్తం కంటి ముందుంటుంది.

ఇక్కడే పోస్టాఫీసు ముచ్చట. ఫ్రాన్స్‌లో 1960 తర్వాత వచ్చిన ఫ్రాంకుల స్టాంపులు ఇప్పటికీ చెల్లుతాయి. యూరోకి 6.55957 ఫ్రాంకులు కాబట్టి 1981 నాటి 1.70 ఫ్రాంకుల స్టాంపు 26 సెంట్లకి సమానం. మెజోన్ కారే పోస్టుకార్డు వెనక అదే గుడి స్టాంపులు బారుగా అతికించి, చిరునామాకి కాస్త జాగా మిగిల్చి, కౌంటర్‌కి పట్టుకెళ్లాను. పెట్టెలో వేస్తే మెషిన్ అలల గీతలు కొట్టేస్తుంది, ఊరి పేరు కూడా పడదు. చేత్తో వేసే గుండ్రటి ముద్ర కావాలి. ముందు ఓ ఊళ్లో కౌంటర్ అమ్మాయి ఇవి చెల్లవని తేల్చేసి లేబుల్ అంటించబోయింది. రెండోచోట ఓ పెద్దాయన కార్డు తిప్పి చూసి, కాలిక్యులేటర్ తీసి లెక్కవేసి, తక్కువైన సెంట్లకి ఇంకోటి అతికించమని చెప్పి, సొరుగులోంచి ముద్ర తీశాడు. ఒక్కో స్టాంపు మూల మీదా నెమ్మదిగా వేశాడు. వెనక క్యూ పెరుగుతుంటే నాకు టెన్షన్, ఆయనకి లేదు. మీరూ ప్రయత్నిస్తే మధ్యాహ్నం భోజనం వేళ వెళ్లకండి, చిన్న ఊళ్లలో మూసేస్తారు. ముందు 'బొంజూర్' అన్నాకే పని చెప్పండి.

ఒరాంజ్ లెక్క తిరగబడింది. స్టాంపులో తోరణం ఎంత దర్జాగా ఉంటుందో! అసలుది కూడా 19 మీటర్ల ఎత్తు, ఓడల ముక్కులూ, లంగర్లూ, డాళ్లూ గుట్టలు పోసినట్టు చెక్కి ఉంటాయి. కానీ ఉన్నది రోడ్ల మధ్య ద్వీపంలో, చుట్టూ కార్లు తిరుగుతూనే ఉంటాయి. అయిదు నిమిషాలు నిలబడి వచ్చేశాం. ఆ ఊరికి వెళ్లాల్సింది థియేటర్ కోసం. రంగస్థలం వెనక గోడ 103 మీటర్ల పొడవు, 37 మీటర్ల ఎత్తున చెక్కుచెదరకుండా నిలబడి ఉంది, దాని నడిమధ్య గూట్లో అగస్టస్ విగ్రహం. టికెట్‌లోనే ఆడియో గైడు ఇస్తారు. పైమెట్లు బాగా నిటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మధ్య వరసల దాకా చాలు. ఈ యాత్రలో మా ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది ఇదే. పూట చాలు, రాత్రి ఉండక్కర్లేదు.

ఆర్ల్ పేరు మీద నా ఆల్బంలో ఉన్నది 1935 నాటి సాన్ త్రోఫీమ్ మఠం ప్రాంగణం స్టాంపే, అది రోమన్లది కాదు. ఊరు మాత్రం ఓ రోజంతా తీసుకుంటుంది. ఉమ్మడి పాస్ కొని అరీనా, థియేటర్, నేల కింది చీకటి వసారాలు చూశాక, కాస్త దూరమైనా పురావస్తు మ్యూజియానికి నడవండి. రోన్ నది అడుగు నుంచి తీసిన 31 మీటర్ల సరుకు పడవ అక్కడే ఉంది.

తిరుగు ప్రయాణంలో పారిస్‌లో ఆగితే గురు, శని, ఆదివారాల్లో షాంజెలిజే దగ్గర కారే మరిన్యీ స్టాంపుల సంత ఉంటుంది. 20 ఫ్రాంకుల పోన్ దు గార్ అక్కడ దొరుకుతుంది. ముద్రణలోనూ, అంచు రంధ్రాల కొలతలోనూ రకాలున్నాయి, వెనక జిగురు చెక్కుచెదరని వాటి ధర వేరు. నేను వాడేసిందే తీసుకున్నాను. ముద్ర కమానుల మీద కాకుండా మూలకి పడ్డదాన్ని ఏరుకోవడానికే అరగంట పట్టింది.